చేత్తో నడిపేటప్పుడు కోబాట్ చేయి కిందికి వాలుతోంది, చివరి జాయింట్ దానంతటదే తిరుగుతోంది. ఎక్కడి నుంచి వెతకాలి?

సీఎన్‌సీ_జీడిమెట్ల

అందరికీ నమస్కారం. జీడిమెట్లలో ఒక షెడ్‌లో సీఎన్‌సీ లేత్‌కి జాబ్ (చెక్కాల్సిన ముక్క) ఎక్కించి దించడానికి 6 జాయింట్ల కోబాట్ (మనుషుల పక్కనే పనిచేసే రోబో చేయి) పెట్టారు. 5 కిలోల పేలోడ్ (మోసే బరువు), 850 మి.మీ. రీచ్ (అందే దూరం). పాయింట్లన్నీ చేత్తో పట్టుకుని నేర్పించాలని ప్లాన్, కానీ చేయి మాట వినడం లేదు. లక్షణాలు ఇవీ:

చేయి ముడుచుకుని ఉన్నప్పుడు ఫ్రీడ్రైవ్ బటన్ (రోబోని చేత్తో నడపడానికి నొక్కేది) నొక్కితే బాగానే నిలబడుతుంది. లేత్‌లో జాబ్‌ని పట్టే చక్ వైపు బారుగా చాచి నొక్కితే మాత్రం భుజం నుంచి మెల్లగా కిందికి జారుతుంది. 3, 4 సెకన్లలో అర అడుగు దిగిపోతుంది.

ఫ్లాంజ్ (టూల్ బిగించే చివరి ముఖం) తిరిగే చివరి జాయింట్ (రిస్ట్ 3) బటన్ నొక్కగానే దానంతటదే సుమారు 20 డిగ్రీలు తిరిగి ఆగుతుంది.

పొద్దున మొదటి అరగంట చాలా గట్టిగా ఉంటుంది, మధ్యాహ్నానికి తేలికవుతుంది. లేత్ తలుపు దగ్గర ఒక చోట మాత్రం ఏ పూటైనా రబ్బరుని నెట్టినట్టు ఎదురు తోస్తుంది. ఇవి కాక, నడుపుతుండగా అప్పుడప్పుడు ఒక్కసారిగా బిగుసుకుని ఆగిపోతుంది.

టూల్ వివరాలు: రెండు జాస్ (పట్టుకునే దవడలు) ఉన్న న్యూమాటిక్ (గాలితో నడిచే) గ్రిప్పర్, కేటలాగ్ బరువు 1 కిలో, బాడీ ఎత్తు 110 మి.మీ., సీజీ (బరువు కేంద్రం) మౌంటింగ్ ఫేస్ నుంచి 55 మి.మీ. ఫ్లాంజ్‌కీ గ్రిప్పర్‌కీ మధ్యలో 100×100×12 మి.మీ. అల్యూమినియం ప్లేట్ ఉంది. జాస్ ఇక్కడే చేయించినవి, ఈఎన్8 స్టీల్, ఒక్కొక్కటి 80×25×20 మి.మీ. గాలిని తెరిచి మూసే సోలెనాయిడ్ వాల్వ్ గ్రిప్పర్ పక్కనే బిగించి ఉంది. పేలోడ్ సెట్టింగ్‌లో 1.0 కిలో, సీజీ జెడ్ (ఫ్లాంజ్ నుంచి ముందుకి దూరం) 55 అని కేటలాగ్ ప్రకారమే ఇచ్చాం. స్టాండ్ బాలానగర్‌లో ఫ్యాబ్రికేట్ చేయించిన ఎంఎస్ (మైల్డ్ స్టీల్) స్టాండ్.

సర్వీస్ ఇంజనీర్‌ని పిలిపించే లోపు మేమే చూసుకోగలిగినవి ఏమిటో చెప్పగలరా?

---

న్యూటన్_మీటర్

మీరు ఇచ్చిన వివరాల్లోనే సగం జవాబు ఉంది. ఏ కవరూ విప్పకండి.

ఫ్రీడ్రైవ్‌లో చేయి వదులైపోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అప్పుడు బ్రేకులు తెరిచి ఉంటాయి, తన బరువుని, టూల్ బరువుని ఆరు మోటార్లు క్షణక్షణం లెక్కగట్టి మోస్తుంటాయి. లెక్కకి ఆధారం మీరు ఇచ్చిన మూడు అంకెలే: పేలోడ్ బరువు, దాని సీజీ, బేస్ బిగించిన కోణం. వీటిలో ఏది అబద్ధమైతే చేయి ఆ అబద్ధం వైపు జారుతుంది. కిందికి వాలితే అసలు బరువు మీరు చెప్పినదానికంటే ఎక్కువ. పైకి తేలితే తక్కువ.

ఇప్పుడు మీ టూల్ లెక్క వేద్దాం. ప్లేట్ 120 ఘన సెం.మీ., అల్యూమినియం 2.7 చొప్పున 324 గ్రాములు. జా ఒక్కొక్కటి 40 ఘన సెం.మీ., స్టీల్ 7.85 చొప్పున 314 గ్రాములు, రెండూ కలిపి 628. వాల్వ్, ఫిట్టింగ్‌లు, స్క్రూలు కలిపి 150 అనుకుందాం. గ్రిప్పర్ 1000. మొత్తం దాదాపు 2.1 కిలోలు. మీరు చెప్పింది 1.0. అంటే 1.1 కిలోల బరువు ఉన్న సంగతి రోబోకి తెలియనే తెలియదు.

850 మి.మీ. చాచినప్పుడు ఆ తేడా భుజం మీద 1.1 × 9.81 × 0.85, అంటే 9.2 న్యూటన్ మీటర్ల మెలితిప్పు బలం పడుతుంది. 300 మి.మీ.కి ముడిస్తే 3.2 మాత్రమే. గేర్‌బాక్స్ రాపిడి ఆ 3.2ని మింగేస్తుంది, 9.2ని మింగలేదు. మీ చేయి ముడిస్తే నిలబడి, చాస్తే జారడానికి కారణం ఇదే. ముడిచిన పొజిషన్‌లో మాత్రమే చూసి సెట్టింగ్ సరిగ్గా ఉందని సంతకం పెట్టే వాళ్ళు ఎక్కడ చూసినా ఉంటారు, దయచేసి అలా చేయకండి. పరీక్ష ఎప్పుడూ చాచిన పొజిషన్‌లోనే.

సీజీ కూడా ఫ్లాంజ్ ముఖం నుంచి కొలవాలి, గ్రిప్పర్ ముఖం నుంచి కాదు. మీరు ప్లేట్ మందం 12 మి.మీ. మరిచిపోయారు. ప్లేట్ సీజీ 6 మి.మీ. దగ్గర, గ్రిప్పర్‌ది 12+55=67 దగ్గర, జాస్‌ది 12+110+40=162 దగ్గర, వాల్వ్‌ది ఓ 60 దగ్గర. ఒక్కో బరువుని దాని దూరంతో గుణించి కూడితే 180 కిలో-మి.మీ. దరిదాపు వస్తుంది. దాన్ని 2.1తో భాగిస్తే 85 మి.మీ. మీరు ఇచ్చింది 55. జాస్ స్టీల్‌వి కాబట్టి బరువంతా ముందుకి జరిగింది. అవే జాస్ అల్యూమినియంతో చేయించుకుని, పట్టుకునే మొన దగ్గర మాత్రం స్టీల్ ముక్క బిగిస్తే 300 గ్రాములకు పైగా తగ్గుతుంది. ఆ మార్పు చేయించుకోదగ్గదే అని నా అభిప్రాయం.

అయినా కాగితం లెక్క మీద ఆగకండి. టూల్ మొత్తం విప్పి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టండి, 10 గ్రాముల తేడా చూపించేది చాలు. కేబుల్ సగం గాల్లో, సగం కాటా మీద ఉండకూడదు. ఫ్లాంజ్ నుంచి ముంజేయి మీది మొదటి క్లిప్ దాకా ఉన్న పైపుల్లో సగం బరువు టూల్‌దే అనుకుని కలుపుకోండి.

అంకెలు మార్చాక ఇన్‌స్టలేషన్ ఫైల్ సేవ్ చేయాలి. స్క్రీన్ మీద మార్చి వదిలేస్తే రేపు పొద్దున కంట్రోలర్ ఆన్ చేయగానే పాత 1.0 మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. చాలా షెడ్లలో "నిన్న బాగానే ఉంది" అనే మాట వెనక ఉన్నది ఇదే.

తర్వాత ఖాళీ ఫ్లాంజ్ పరీక్ష ఒకటి చేయండి. టూల్ లేకుండా, పేలోడ్ 0 ఇచ్చి, చేయి చాచి ఫ్రీడ్రైవ్ నొక్కండి. బేస్‌ని 0, 90, 180, 270 డిగ్రీలకు తిప్పుతూ నాలుగు చోట్లా చూడండి. నాలుగు చోట్లా నిలబడితే చేయి ఆరోగ్యంగా ఉంది, తప్పు టూల్ అంకెల్లోనే. బేస్ జాయింట్ ప్రతిసారీ షెడ్‌లో ఒకే వైపుకి జారిపోతుంటే స్టాండ్ ఒరిగి ఉందని అర్థం, లేదా మౌంటింగ్ కోణం తప్పు ఇచ్చి ఉంటారు. స్పిరిట్ లెవెల్ బేస్ ప్లేట్ మీద రెండు దిక్కులా పెట్టండి. 300 మి.మీ. ప్లేట్‌కి ఒక పక్క 5 మి.మీ. ఎత్తు ఉంటే దాదాపు 1 డిగ్రీ. కదిలే భాగం 15 కిలోలు, దాని సీజీ 400 మి.మీ. దూరంలో అనుకుంటే 1 డిగ్రీకి బేస్ మీద పడేది 1 న్యూటన్ మీటరే, అది రాపిడిలో కలిసిపోతుంది. 3 డిగ్రీలైతే 3 దాటుతుంది, అప్పుడు కంటికి కనిపిస్తుంది.

---

రిస్ట్3

సీఎన్‌సీ అన్నా, బరువు సంగతి పైన మంచిగ చెప్పిన్రు. నేను చివరి జాయింట్ ఒక్కదాని మీదనే మాట్లాడుత. అది సీజీ తప్పు కాదు, పైపుల లాగుడు.

ఎట్ల అంటరా? మీ టూల్‌ల పక్కకు ఉన్నది వాల్వ్ ఒక్కటే. 150 గ్రాములు, 45 మి.మీ. పక్కకు ఉన్నదనుకుందాం. టూల్ అడ్డంగ ఉన్నప్పుడు దాని వల్ల రిస్ట్ 3 మీద పడేది 0.07 న్యూటన్ మీటర్లు. గంతకు ఏ జాయింటూ కదలదు. అదే 6 మి.మీ. పైపులు రెండు, సెన్సార్ కేబుల్ ఒకటి కలిపి కేబుల్ టైతోని బిగించి కడితే, 60 మి.మీ. దూరంల 1 కిలో లాగుడు ఉన్నా 0.59 అయితది. ఎనిమిది, తొమ్మిది రెట్లు.

ఇంకో గుర్తు ఉన్నది. బరువు వల్ల తిరిగేదుంటే బరువు కిందికొచ్చే దాక తిరుగుతది. మీది 20 డిగ్రీలకే ఆగుతున్నది, అంటే పైపు వదులైన కాడ ఆగిందన్నట్టు. రుజువు కావాలంటే టూల్‌ని నిట్టనిలువుగ నేలకు చూసేటట్టు పెట్టి ఫ్రీడ్రైవ్ నొక్కుండ్రి. ఆ పొజిషన్‌ల భూమి లాగుడు రిస్ట్ 3ని తిప్పలేదు. అయినా తిరిగిందంటే పైపే, ఇంక అనుమానం వద్దు.

చేసే పద్ధతి ఇది. ముందు చేతిల జాబ్ లేకుండ చూసుకోండ్రి. ఎయిర్ వాల్వ్ బంద్ చేసి లైన్‌ల గాలి మొత్తం ఇడిసిపెట్టుండ్రి, గేజ్ సున్నా చూపెట్టినంక పైపులు పీకుండ్రి. ఇప్పుడు నొక్కి చూడుండ్రి. నిలబడ్డదా? అయితే పైపుల దారి మార్చుడే పని. రిస్ట్ 3 రెండు దిక్కుల ఎంత తిరగాల్నో అంత తిప్పి, చివరి మూల కాడ కూడ పైపు వేలాడుతుండేటంత లూప్ ఇడువుండ్రి. ముంజేతి మీద నైలాన్ టై తీసేసి వెల్క్రో పట్టీ వేయుండ్రి, పైపు అందుల జారాలె. టై కొరికిన కాడ పైపు తెల్లగ అయి ఉంటది చూడుండ్రి, నాలుగు నెలల్ల అక్కడ్నే పగులుతది.

గట్టి నైలాన్ పైపు కంటె మెత్తటి పాలీయురేతేన్ పైపు మంచిగుంటది. రాణిగంజ్‌ల న్యూమాటిక్ షాపులల్ల మీటర్ లెక్కన దొరుకుతది. తిరిగే పుష్ ఫిట్టింగ్ కూడ అడగండ్రి, ఎల్బో ఫిట్టింగ్ పైపుతోని పాటు తిరుగుతది, లాగుడు సగం తగ్గుతది.

---

మూడో_స్థానం

రబ్బరు లాగా తోయడం, ఒక్కసారిగా ఆగిపోవడం గురించి రాస్తాను. ఈ రెండూ చాలా వరకు రోబో సరిగ్గా పనిచేస్తోందని చెప్పే గుర్తులే.

లేత్ తలుపు దగ్గర ఎవరో సేఫ్టీ ప్లేన్ (చేయి దాటకూడదని సాఫ్ట్‌వేర్‌లో గీసే గోడ) పెట్టి ఉంటారు. యూనివర్సల్ రోబోట్స్ కంపెనీ చేతుల్లో ఫ్రీడ్రైవ్‌లో ఉండగా సేఫ్టీ ప్లేన్ దగ్గరికి గానీ జాయింట్ లిమిట్ దగ్గరికి గానీ వెళ్తే చేయి వెనక్కి తోస్తుంది, చేతికి అచ్చం రబ్బరులాగే తగులుతుంది. మీ బ్రాండ్ మెనూలో సేఫ్టీ ప్లేన్ల పేజీ తెరిచి, తలుపు దగ్గర గీసిన గోడ ఎక్కడుందో చూడండి. గోడకి ఇవతలి నుంచే పాయింట్ నేర్పగలిగేలా టూల్ కోణం మార్చుకోవడం మొదటి దారి. నిజంగానే గోడ తప్పు చోట ఉంటే, రిస్క్ అసెస్‌మెంట్ (ప్రమాదాల అంచనా) రాసిన మనిషి ముందు మాత్రమే జరపండి, సేఫ్టీ పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉండాలి. పాయింట్ నేర్పడానికి ప్లేన్ తీసేసి తర్వాత పెడదామనుకుంటే, ఆ తర్వాత అనేది రాదు.

ఒక్కసారిగా ఆగిపోవడానికి మూడు కారణాలు చూడండి. మొదటిది ఎనేబుల్ స్విచ్, అంటే పట్టుకుని ఉన్నంతసేపే రోబోని కదలనిచ్చేది. దానికి మూడు స్థానాలు: వదిలేసింది, సగం నొక్కింది, గట్టిగా పిసికింది. మధ్యదే పనిచేసేది. వదిలినా ఆగుతుంది, పిసికినా ఆగుతుంది, ఎందుకంటే మనిషి భయపడితే చేయి వదిలేస్తాడు లేదా బిగిస్తాడు. మీ చేయి కిందికి జారుతోంది కాబట్టి పట్టుకున్న వాళ్ళు అదాటున బిగిస్తున్నారేమో గమనించండి. పేలోడ్ సరైతే ఇది దానంతటదే పోవచ్చు. యూనివర్సల్ రోబోట్స్‌లో మూడు స్థానాల స్విచ్ ఉన్న పెండెంట్ (చేతిలో పట్టుకునే కంట్రోల్ స్క్రీన్) అయితే ఫ్రీడ్రైవ్‌కి ఒక ప్రత్యేక పద్ధతి ఉంది: తేలిగ్గా నొక్కి, వెంటనే వదిలి, మళ్ళీ తేలిగ్గా నొక్కి అలాగే పట్టుకోవాలి. ఇది తెలియక స్విచ్ పాడైందనుకుంటారు.

రెండోది వేగం. మాన్యువల్ మోడ్‌లో టూల్ వేగానికి ప్రమాణాల ప్రకారం హద్దు సెకనుకి 250 మి.మీ. చేత్తో విసురుగా లాగితే ఆ హద్దు దాటడం చాలా సులువు. అర మీటర్ దూరాన్ని 2 సెకన్ల కంటే నెమ్మదిగా నడిపించండి. మూడోది మోచేయి పూర్తిగా సాగి నిటారైన పొజిషన్. అక్కడ టూల్ కొంచెం కదలాలన్నా జాయింట్లు వేగంగా తిరగాలి. మోచేయి కొద్దిగా వంచి ఉంచితే చేతికి కూడా తేలిగ్గా ఉంటుంది.

పరీక్షలు చేసే తీరు గురించి ఒక మాట. పేలోడ్ అంకె మార్చిన ప్రతిసారీ మొదటి నొక్కు ఒక్క సెకనే. ఒక చేత్తో రిస్ట్ కింద ఆసరా, రెండో చేత్తో స్విచ్. చేయికీ లేత్‌కీ మధ్యలో, చేయికీ స్టాండ్‌కీ మధ్యలో నిలబడవద్దు, తల చేయి కిందికి రానివ్వొద్దు. రెండో మనిషి ఈ-స్టాప్ (ఎమర్జెన్సీగా ఆపే బటన్) దగ్గర ఉండాలి. పేలోడ్ 0.5 కిలో అనడానికి బదులు 5 అని పడితే చేయి పైకి ఎగురుతుంది, ఒక్క చుక్క తేడాకి ముఖం పగులుతుంది. చేత్తో నడిపే ఏర్పాటులో ఎనేబుల్ స్విచ్, ఈ-స్టాప్ రెండూ ఉండాలని రోబోల భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 10218 అడిగింది ఇలాంటి వాటికోసమే. ఈ ప్రమాణం 2025లో కొత్తగా వచ్చింది, అంతకుముందు కోబాట్ల కోసం విడిగా ఉన్న 2016 నాటి టీఎస్ 15066 విషయాలు అందులో కలిశాయి.

---

న్యూటన్_మీటర్

పొద్దున గట్టిగా ఉండటం గురించి నేను రాయలేదు, ఇప్పుడు రాస్తాను. ఈ చేతుల్లో సన్నటి స్ట్రెయిన్ వేవ్ గేర్లు ఉంటాయి, వాటిలో గ్రీజు. చలికి గ్రీజు చిక్కబడుతుంది. డిసెంబరులో రేకుల షెడ్‌లో పొద్దున ఉండే చలికీ, మధ్యాహ్నం ఎండకి రేకు కాగే వేడికీ మధ్య చేతికి తెలిసేంత తేడా వస్తుంది. ఇది రిపేర్ కాదు. ఆరు జాయింట్లనీ ఒక్కొక్కటి ప్లస్ మైనస్ 30 డిగ్రీలు తిప్పే చిన్న ప్రోగ్రామ్ రాసి, 30 నుంచి 50 శాతం వేగంతో 10, 15 నిమిషాలు నడపండి. తర్వాత చేత్తో పట్టుకోండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మెలిక ఉంది. కొన్ని చేతులు బలాన్ని మోటార్ కరెంట్ నుంచి లెక్కగడతాయి. యూనివర్సల్ రోబోట్స్ జాయింట్లు ఈ రకం. కొన్నిటికి ప్రతి జాయింట్‌లోనూ టార్క్ (మెలితిప్పు బలం) సెన్సార్ ఉంటుంది. కూకా ఎల్‌బీఆర్ ఈవా, డూసాన్ ఎం సిరీస్ ఆ రకం. మొదటి రకంలో రాపిడి ఎంత, బరువు ఎంత అన్నది కరెంట్‌లో కలగలిసి కనిపిస్తుంది. అందుకే టూల్ బరువుని రోబోనే కొలిచే ఆటోమేటిక్ పేలోడ్ విజార్డ్‌ని చల్లటి చేయి మీద నడపకండి, వేడెక్కాకే నడపండి. యూనివర్సల్ రోబోట్స్‌లో అయితే విజార్డ్ నాలుగు పొజిషన్లు అడుగుతుంది. నాలుగూ ఒకేలా ఇస్తే వచ్చే అంకె పనికిరాదు. టూల్ ఒకసారి కిందికి, ఒకసారి అడ్డంగా, మరోసారి రెండో పక్కకి అడ్డంగా, ఇంకోసారి ఏటవాలుగా, ఇలా రిస్ట్ జాయింట్లు బాగా మారేలా ఇవ్వండి. వచ్చిన అంకెని కాటా అంకెతో పోల్చండి. 0.1, 0.2 కిలోల తేడా ఉంటే కాటానే నమ్మండి, సీజీకి మాత్రం విజార్డ్‌నీ మీ లెక్కనీ పక్కపక్కన పెట్టి చూడండి. అర కిలో తేడా వస్తే పైపులు లాగుతున్నట్టు, లేదా ఫ్లాంజ్ బోల్టులు వదులైనట్టు. ఫ్లాంజ్ మామూలుగా 50 మి.మీ. పీసీడీ (బోల్టుల వలయం వ్యాసం) మీద నాలుగు ఎం6 బోల్టులు. టార్క్ రెంచ్‌తో మీ మాన్యువల్ చెప్పిన అంకెకి బిగించండి, ఎల్‌కీతో అంచనాగా కాదు.

ఖాళీ ఫ్లాంజ్‌తో, బేస్ లెవెల్‌గా ఉండి కూడా ఒక్క జాయింటే జారితే అప్పుడు అనుమానం చేయి మీద. ఆ జాయింట్‌ని పెండెంట్ నుంచి ఒకే నెమ్మది వేగంతో అటూ ఇటూ తిప్పి, రెండు దిక్కుల కరెంట్ రాసుకోండి. బరువు ప్రభావం లేని పొజిషన్‌లో రెండూ దాదాపు సమానంగా ఉండాలి. బాగా తేడా ఉంటే, ఈమధ్య ఏదైనా ఢీకొన్నదేమో లాగ్ చూసి, ఆ రెండు అంకెలతో సర్వీస్ వాళ్ళకి రాయండి. సెన్సార్ జీరో చేయడం, జాయింట్ మార్చడం వాళ్ళ పని.

---

సీఎన్‌సీ_జీడిమెట్ల

అందరికీ చాలా ధన్యవాదాలు. చెప్పిన వరుసలోనే చేశాం.

కాటా మీద టూల్ 2.14 కిలోలు. వేడెక్కాక విజార్డ్ 2.2 చూపించింది, సీజీ జెడ్ 88. మేం 2.14, 87 పెట్టి సేవ్ చేశాం. ఇప్పుడు పూర్తిగా చాచినా చేయి ఎక్కడ వదిలితే అక్కడే ఉంటోంది. ఖాళీ ఫ్లాంజ్ పరీక్షలో నాలుగు దిక్కులా కదల్లేదు, స్టాండ్ లెవెల్ ఒక పక్క 2 మి.మీ. తేడా ఉంటే స్టాండ్ కాలి ప్యాడ్ తిప్పి సరిచేశాం.

రిస్ట్3 అన్నా, టూల్ నేలకి చూస్తున్నప్పుడు కూడా తిరిగింది, పైపులు పీకగానే ఆగింది. టై కింద పైపు నిజంగానే తెల్లబడి ఉంది. పైపులు, ఫిట్టింగ్‌లు మార్చి లూప్ వదిలాం.

తలుపు దగ్గర సేఫ్టీ ప్లేన్ ఉంది, సరైన చోటే ఉంది. గ్రిప్పర్‌ని 15 డిగ్రీలు వంచి పాయింట్ నేర్పాం. ఆగిపోవడం మళ్ళీ రాలేదు.

కొత్తది ఒకటి కనిపించింది. ప్రోగ్రామ్ మధ్యలో ఆపి, గ్రిప్పర్‌లోంచి జాబ్ చేత్తో తీసేసి ఫ్రీడ్రైవ్ నొక్కితే చేయి మెల్లగా పైకి లేస్తోంది. జాబ్ బరువు 1.2 కిలోలు. మామూలుగా మొదలుపెట్టినప్పుడు ఇలా లేదు.

---

న్యూటన్_మీటర్

మీ ప్రోగ్రామ్‌లో జాబ్ పట్టుకున్నాక పేలోడ్ 3.34 కిలోలకి మార్చే లైన్ ఉండి ఉంటుంది. మీరు జాబ్ తీసేసినా రోబోకి అది తెలియదు, 3.34 మోస్తున్నట్టే ఎత్తుతోంది. ప్రోగ్రామ్‌లో చివరగా నడిచిన పేలోడ్ లైనే ఫ్రీడ్రైవ్‌లోనూ చెల్లుతుంది.

గ్రిప్పర్ తెరిచే ప్రతి చోటా, తెరిచిన వెంటనే 2.14 లైన్ పెట్టండి. రికవరీకి ఒక చిన్న సబ్‌ప్రోగ్రామ్ విడిగా ఉంచండి: గ్రిప్పర్ తెరువు, పేలోడ్ 2.14. ఆపాక చేయి ముట్టుకునే ముందు ఆపరేటర్ దాన్నే నడపాలి, అప్పుడు కింద జాబ్‌కి చెయ్యో ట్రేనో ఆసరా ఉండాలి.

పట్టుకునే వైపు లైన్‌ని గ్రిప్పర్ మూసుకున్నాక, చక్ తెరుచుకున్న సిగ్నల్ వచ్చిన తర్వాత పెట్టండి. చక్ ఇంకా పట్టుకుని ఉండగానే 3.34 అంటే చేయి లేని బరువుని మోయబోయి జాబ్‌ని పైకి ఒత్తుతుంది. ఆ లైన్‌లో సీజీ కూడా మార్చాలి, బరువు ఒక్కటే కాదు. జాబ్ మధ్యభాగం ఫ్లాంజ్ నుంచి 190 మి.మీ. దగ్గర ఉందనుకుంటే 2.14 × 87, 1.2 × 190 కూడి 3.34తో భాగించండి, 124 వస్తుంది. 5 కిలోల చేయి కదా అని వదిలేయకుండా, సీజీ 124 దగ్గర ఎంత బరువు అనుమతిస్తారో మాన్యువల్‌లోని పేలోడ్ గ్రాఫ్‌లో ఒకసారి చూసుకోండి.